డెస్కు చూడని కాపీ సైట్ ఎక్కకుండా: వర్డ్‌ప్రెస్, ద్రూపల్‌లో అప్రూవల్ వర్క్‌ఫ్లో పెట్టుకునే పద్ధతి

తిరుపతి, చిత్తూరు వైపు నడిచే వార్తా వెబ్‌సైట్లు చాలావరకు ఆరేడుగురి పని. డెస్కులో ఇద్దరు, బయట నలుగురైదుగురు: శ్రీకాళహస్తిలో ఒకరు, పుత్తూరులో ఒకరు, పలమనేరు, కుప్పం చూసుకునేవారు ఒకరు, కొండ మీద ఒకరు. రిపోర్టర్ ఫోన్‌లోనే కాపీ (వార్త రాత) టైపు చేసి, గ్రూపులో "అన్నా, వేసేదా?" అని అడుగుతాడు. ఎవరో ఒకరు "ఊ, వేసెయ్" అంటారు. వార్త పడిపోతుంది. ఆ "ఊ" అన్నది ఎవరు, వాళ్లు చదివింది ఏ కాపీ, పడింది ఏ కాపీ అన్నది సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు.

ఇక్కడ తప్పు వార్త ఖరీదు వేరు. ఘాట్ రోడ్డు మూసేశారని పొరపాటున పడితే చెన్నై నుంచో బెంగళూరు నుంచో పిల్లాజెల్లాతో బయల్దేరినవాళ్లు దారిలోనే ఆగిపోతారు. మామిడి ధర తప్పు పడితే రైతు లోడు ఎత్తకుండా ఆపేస్తాడు. అందుకే అప్రూవల్ అన్నది మాటల్లో కాదు, సిస్టమ్‌లోనే, అంటే సైట్‌ను నడిపే వర్డ్‌ప్రెస్, ద్రూపల్ లాంటి సాఫ్ట్‌వేర్‌లోనే ఉండాలి.

సిస్టమ్‌లో పెట్టేటప్పుడు మూడు ప్రశ్నలకు జవాబు కావాలి. పబ్లిష్ బటన్ ఎవరి చేతిలో ఉంది? డెస్కుకు పంపేశాక కాపీని రిపోర్టర్ మళ్లీ మార్చగలడా? పబ్లిష్ అయ్యాక ఎవరు మార్చగలరు? చాలా సైట్లు మొదటిదానికి ఏర్పాటు చేసి, మిగతా రెండూ వదిలేస్తాయి. పొద్దున డెస్కు చూసి ఓకే చేసిన వార్తలో మధ్యాహ్నం ఒక అంకె మారిపోయి ఉండటం, అదెవరు మార్చారో తెలియకపోవడం ఆ రెండు కంతల గుండానే జరుగుతుంది. ఈ వివరమంతా ముఖ్యంగా ఆ రెండు కంతలు పూడ్చడం గురించే.

ముందు కాగితం మీద

ప్లగిన్ (ఆ సాఫ్ట్‌వేర్‌కు అదనపు పని కలిపే చిన్న ముక్క) వెతకడానికి ముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. కాపీ నడిచే దారి గీయండి: రాత, డెస్కు, ఓకే, పబ్లిష్. నాలుగు గడులు చాలు. ఆరేడుగురి సైట్‌లో ఐదో గడి పెడితే కాపీ అక్కడే ఆగిపోతుంది, ఆగిపోయిన కాపీని ఎవరో ఒకరు దొడ్డిదారిన వేసేస్తారు, అక్కడితో మొత్తం ఏర్పాటు మీద నమ్మకం పోతుంది.

గడికీ గడికీ మధ్య బాణం దగ్గర నాలుగు విషయాలు రాయండి: ఎవరు ముందుకు జరుపుతారు, ఏం చూసి జరుపుతారు, ఎంతసేపట్లో చూడాలి, వాళ్లు లేకపోతే ఎవరు. ఈ నాలుగోదే ఎక్కువమంది రాయరు. శ్రీవారి బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులూ, ముఖ్యంగా ఐదో రోజు గరుడ సేవ రాత్రి, సగం మంది కొండ మీదే ఉంటారు. జనం కిక్కిరిసినచోట ఫోన్ సరిగా పనిచేయదు. ఓకే చెప్పాల్సిన ఒక్క మనిషీ ఆ జనంలో ఉంటే సైట్ ఆగిపోతుంది. ప్రతి గడికీ ఇద్దరి పేర్లుండాలి.

"ఏం చూసి" అన్నది అన్ని వార్తలకూ ఒకటే కాదు. భక్తుల సమాచారానికి (దర్శనం కోటా, టికెట్ల విడుదల, ఘాట్ రోడ్డు, నడకదారి వేళలు) టీటీడీ ప్రకటనో, అధికారిక వెబ్‌సైటో కళ్లారా చూస్తేనే ఓకే. ఇంకో సైట్‌లో చూశామన్నది లెక్కలోకి రాదు. తిరుమల ఎక్కడానికి రెండో ఘాట్ రోడ్డు, దిగడానికి మొదటి ఘాట్ రోడ్డు. కాపీలో ఇవి తారుమారైతే మిగతాదంతా కరెక్టుగా ఉన్నా వార్త పనికిరాదు. నడకదారి అని మాత్రమే రాసి అలిపిరా, శ్రీవారి మెట్టా చెప్పకపోవడం కూడా అలాంటిదే.

మార్కెట్ ధరలకు యూనిట్ చూడాలి. కిలో 8 రూపాయలంటే క్వింటా 800, టన్ను 8,000. మామిడి మండీలో టన్ను లెక్కన మాట్లాడతారు, గుజ్జు ఫ్యాక్టరీ దగ్గర కిలో లెక్కన చెబుతారు. కాపీలో రెండూ కలిసిపోతాయి. ఊరి పేరు పక్కన జిల్లా కూడా చూడాలి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. "చిత్తూరు జిల్లా చంద్రగిరి", "చిత్తూరు జిల్లా శ్రీకాళహస్తి" అన్న పాత అలవాటు ఇంకా కాపీల్లో వస్తూనే ఉంటుంది.

నేర వార్తలకు మాత్రం ఇన్‌చార్జ్ (డెస్కులో చివరి ఓకే చెప్పే మనిషి) స్వయంగా చూడందే ఓకే ఉండకూడదు. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్, బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ఉన్నాయి. పేరు తీసేసి ఊరు, వీధి, బడి, తండ్రి చేసే పని రాస్తే గుర్తింపు బయటపెట్టినట్టే. చిన్న ఊళ్లో అందులో ఏ రెండు వివరాలైనా చాలు, అందరికీ తెలిసిపోతుంది. ఫొటోనూ, ఫొటో కింద మాటనూ కూడా ఇదే కంటితో చూడాలి.

వర్డ్‌ప్రెస్‌లో రోల్స్

వర్డ్‌ప్రెస్ మామూలుగా ఇచ్చే రోల్స్ (ఎవరికి ఏ హక్కులో చెప్పే హోదాలు) ఐదు: అడ్మినిస్ట్రేటర్, ఎడిటర్, ఆథర్, కంట్రిబ్యూటర్, సబ్‌స్క్రైబర్. కంట్రిబ్యూటర్ రాయగలడు కానీ పబ్లిష్ చేయలేడు. అతని తెరమీద పబ్లిష్ బదులు "సబ్మిట్ ఫర్ రివ్యూ" అని వస్తుంది, అది నొక్కితే పోస్టు పెండింగ్‌లోకి వెళ్తుంది. వినడానికి మనకు కావాల్సింది ఇదే.

కానీ కంట్రిబ్యూటర్‌కు ఫొటో ఎక్కించే హక్కు ఉండదు. రిపోర్టర్ "ఫొటో పోవట్లేదు సార్" అంటాడు. హడావుడిలో ఎవరో అతన్ని ఆథర్ చేసేస్తారు. ఫొటో వెళ్తుంది. దాంతోపాటు తన పోస్టు తానే పబ్లిష్ చేసుకునే హక్కు, పబ్లిష్ అయ్యాక మార్చే హక్కు, తీసేసే హక్కు కూడా వచ్చేస్తాయి. అప్రూవల్ పెట్టుకున్నామనుకునే సైట్లలో అది పనిచేయకపోవడానికి అన్నిటికన్నా మామూలు కారణం ఈ ఒక్క మార్పే.

చేయాల్సింది ఆథర్ ఇవ్వడం కాదు, కంట్రిబ్యూటర్‌కు ఒక్క హక్కు కలపడం. పబ్లిష్‌ప్రెస్ కేపబిలిటీస్ గానీ, యూజర్ రోల్ ఎడిటర్ గానీ ఇన్‌స్టాల్ చేయండి. రెంటికీ ఉచిత వెర్షన్ సరిపోతుంది. అందులో:

1. కంట్రిబ్యూటర్‌ను కాపీ చేసి "రిపోర్టర్" అనే కొత్త రోల్ తయారుచేయండి. "అప్‌లోడ్ ఫైల్స్" ఒక్కటే అదనంగా టిక్ పెట్టండి.

2. రిపోర్టర్‌ను కాపీ చేసి "సబ్ ఎడిటర్" చేయండి. "ఎడిట్ అదర్స్ పోస్ట్స్" కలపండి. "పబ్లిష్ పోస్ట్స్", "ఎడిట్ పబ్లిష్డ్ పోస్ట్స్" ఖాళీగా వదలండి. ఈ మనిషి అందరి కాపీలూ దిద్దగలడు, పబ్లిష్ మాత్రం చేయలేడు, పబ్లిష్ అయినవాటిని ముట్టుకోలేడు.

3. ఎడిటర్ రోల్‌ను ఉన్నదున్నట్టు ఇన్‌చార్జులకు ఇవ్వండి. ఇద్దరికే. మూడో మనిషి అడిగితే, సెలవు రోజుల్లో ఇద్దరూ ఏకకాలంలో ఉండరా అన్నది ముందు చూడండి.

4. అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో వార్తలు రాయకండి. అది ప్లగిన్లకు, సెట్టింగులకు. అదే మనిషి వార్తలూ రాస్తుంటే అతనికి రెండో ఖాతా తీయండి.

రోల్ కలిపాక కూడా ఫొటో పోలేదంటే హక్కు సమస్య కాకపోవచ్చు. వర్డ్‌ప్రెస్ రాసిన భాష పీహెచ్‌పీలో అప్‌లోడ్ పరిమితి మామూలుగా 2 ఎంబీ ఉంటుంది. ఇప్పటి ఫోన్ ఫొటో దాన్ని సులువుగా దాటుతుంది. హోస్టింగ్ ప్యానెల్‌లో దాన్ని 16 ఎంబీ చేయండి, పోస్టు పరిమితిని దానికంటే కొంచెం ఎక్కువ పెట్టండి.

ఇంకో చిక్కు. ఎడిటర్, అడ్మినిస్ట్రేటర్ తప్ప మిగతా రోల్స్ సేవ్ చేస్తే వర్డ్‌ప్రెస్ పోస్టులోని ఐఫ్రేమ్ (బయటి పేజీని లోపల చూపే కోడ్), స్క్రిప్టులను తుడిచేస్తుంది. ఇన్‌చార్జ్ గూగుల్ మ్యాప్ కోడ్ పెట్టిన డ్రాఫ్టును సబ్ ఎడిటర్ తెరిచి ఒక అచ్చుతప్పు దిద్ది సేవ్ చేస్తే మ్యాప్ మాయమవుతుంది. ఇది లోపం కాదు, భద్రత కోసం పెట్టిందే. యూట్యూబ్ వీడియోకు కోడ్ కాకుండా లింకు ఒక్కటే విడి లైనులో పెడితే చాలు, అది పోదు. మ్యాపుల్లాంటివి చివర్లో ఇన్‌చార్జే పెట్టాలి.

ఖాతా ఒక్కొక్కరికి ఒకటి. "డెస్కు" అని ఒక లాగిన్ తీసి ముగ్గురు వాడుకుంటే ఇప్పటిదాకా చేసిన పనంతా వృథా, ఎందుకంటే రివిజన్లలో (ప్రతి మార్పుకూ మిగిలే పాత రూపాల్లో) పేరు "డెస్కు" అనే పడుతుంది. మనిషి మానేస్తే ఖాతా డిలీట్ చేయొద్దు, రోల్ తీసేసి పాస్‌వర్డ్ మార్చండి. అతని పాత వార్తల మీద అతని పేరు ఉండాల్సిందే.

పెండింగ్‌లో ఉన్న కాపీ కదిలిపోకుండా

ఇది చాలామందికి తెలియదు: పోస్టు పెండింగ్‌లో ఉన్నంతసేపూ రిపోర్టర్ దాన్ని మళ్లీ తెరిచి మార్చగలడు. వర్డ్‌ప్రెస్ అడ్డుకునేది పబ్లిష్ అయినవాటిని, షెడ్యూల్ అయినవాటిని మాత్రమే. సబ్ ఎడిటర్ నాలుగింటికి చదివి బాగుందన్న కాపీలోకి రిపోర్టర్ నాలుగుంబావుకు ఇంకో పేరా జొప్పించవచ్చు, ఇన్‌చార్జ్ నాలుగున్నరకు ఆ పేరాతో సహా పబ్లిష్ చేసేస్తాడు. రిపోర్టర్ తప్పేమీ లేదు, కొత్త సమాచారం వచ్చింది, చేర్చాడు. చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

దీనికి ఖర్చులేని మార్గం ఒకటుంది. ఇన్‌చార్జ్ ఓకే చేసేటప్పుడు వెంటనే పబ్లిష్ కొట్టకుండా పది నిమిషాల తర్వాతికి షెడ్యూల్ చేయాలి. షెడ్యూల్ పడిన క్షణం నుంచి రిపోర్టర్‌కూ, సబ్ ఎడిటర్‌కూ ఆ పోస్టు మూసుకుపోతుంది. ఆ పది నిమిషాల్లో ఇన్‌చార్జ్ ప్రివ్యూ తెరిచి ఫోన్‌లో ఒకసారి, చివరి రూపాన్ని చదవాలి. చదివింది, పడేది ఒకటే అవుతుంది. పెద్ద టీములు పబ్లిష్‌ప్రెస్ స్టేటసెస్‌తో "డెస్కులో", "ఓకే" అని సొంత స్టేటస్‌లు పెట్టుకోవచ్చు. పెట్టుకుంటే ఆ స్టేటస్‌లో రిపోర్టర్ ఎడిట్ చేయగలుగుతున్నాడా అన్నది అతని లాగిన్‌తో చూసి తీరాలి. స్టేటస్ పేరు మారినంత మాత్రాన తాళం పడినట్టు కాదు.

కాపీ వెనక్కి పంపాలంటే పెండింగ్ నుంచి డ్రాఫ్టుకు మార్చాలి, ఎందుకు పంపుతున్నారో రాయాలి. వర్డ్‌ప్రెస్ 6.9 నుంచి ఎడిటర్‌లోనే ఒక్కో బ్లాక్‌కు నోట్ పెట్టే వీలుంది. అంతకు ముందు వెర్షన్లలో పబ్లిష్‌ప్రెస్ ప్లానర్‌లోని ఎడిటోరియల్ కామెంట్లు వాడండి. "రెండో పేరాలో ధర టన్నుకా కిలోకా?" అని ఆ పేరా పక్కనే ఉంటే రిపోర్టర్ వెతుక్కోడు. ఇదే మాట వాట్సాప్‌లో పెడితే సాయంత్రానికి కిందికి జారిపోతుంది.

పబ్లిష్ అయ్యాక

వర్డ్‌ప్రెస్ కోర్‌లో (ప్లగిన్లు లేని అసలు సాఫ్ట్‌వేర్‌లో) పబ్లిష్ అయిన పోస్టుకు "పెండింగ్ మార్పు" అన్నది లేదు. ఎడిట్ హక్కున్నవాళ్లు సేవ్ కొట్టగానే పాఠకుడికి కనిపించేది మారిపోతుంది. పైన చెప్పినట్టు రోల్స్ పెడితే ఆ హక్కు ఇన్‌చార్జులకే మిగులుతుంది. సవరణ కావాలంటే రిపోర్టర్ అడగాలి, ఇన్‌చార్జ్ తానే మార్చాలి. రోజుకు రెండు మూడు సవరణలొచ్చే సైట్‌కు ఇది చాలు.

అంతకు మించితే పబ్లిష్‌ప్రెస్ రివిజన్స్ పెట్టండి. పబ్లిష్ అయిన పోస్టుకు పక్కనే ఒక కొత్త రివిజన్ తెరుచుకుంటుంది. సబ్ ఎడిటర్ అందులో దిద్ది సమర్పిస్తాడు. ఇన్‌చార్జ్ పాతదీ కొత్తదీ పక్కపక్కన చూసి ఓకే చేసేదాకా సైట్‌లో పాతదే ఉంటుంది. దర్శనం వేళలు, ప్రత్యేక ప్రవేశ దర్శనం వివరాలు, బస్సుల సమయాల్లాంటి ఎప్పుడూ ఉండే పేజీలకు ఇది బాగా పనికొస్తుంది, ఎందుకంటే వాటిని ఎక్కువమంది చదువుతారు, ఎక్కువసార్లు మార్చాల్సి వస్తుంది, తప్పు పడితే ఎక్కువ రోజులు ఎవరూ గమనించరు.

రివిజన్ల చరిత్ర మీదే పూర్తిగా ఆధారపడకండి. అది శీర్షికను, వార్తను, సారాంశాన్ని మాత్రమే భద్రపరుస్తుంది. ముఖచిత్రం మారితే, కేటగిరీ మారితే దాని జాడ అక్కడ ఉండదు. ఫొటో మార్చిందెవరో తెలియాలంటే సింపుల్ హిస్టరీ లాంటి లాగ్ ప్లగిన్ కావాలి. కొన్ని హోస్టింగుల్లో స్థలం ఆదా కోసం రివిజన్లను సున్నా చేసి ఉంచుతారు. ఆ సంఖ్య కాన్ఫిగ్ ఫైల్‌లో ఉంటుంది. కనీసం 20 ఉండేలా పెట్టండి.

అంకె, పేరు, చోటు, వేళ మారితే వార్త చివర "సవరణ" అని ఒక లైను, సమయంతో సహా. అచ్చుతప్పుకు అక్కర్లేదు.

ఒక కాపీ వెంట నడిస్తే

దామలచెరువు మామిడి మండీ నుంచి తోతాపురి ధర కాపీ వచ్చిందనుకోండి. మధ్యాహ్నం 3:40కి రిపోర్టర్ సబ్మిట్ ఫర్ రివ్యూ నొక్కుతాడు. కాపీలో ఎనిమిది లైన్లు, ఒక ఫొటో.

సబ్ ఎడిటర్ తెరవగానే చూడాల్సింది అక్షరాలు. రిపోర్టర్ డీటీపీ సెంటర్‌లోనో, పాత అను ఫాంట్‌లోనో టైపు చేసి అతికించి ఉంటే తెలుగు బదులు అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. కొన్నిసార్లు శీర్షిక యూనికోడ్‌లో ఉండి లోపలి పేరా అనులో ఉంటుంది. వెంటనే వెనక్కి పంపడం కన్నా కన్వర్టర్‌లో మార్చుకోవడం త్వరగా అవుతుంది. కానీ మార్చాక ఒత్తులు, అంకెలు, రూపాయి గుర్తు ఒక్కొక్కటీ కంటితో చూడాలి. కన్వర్టర్ తడబడేది అక్కడే, ధర వార్తలో ముఖ్యమైనవీ అవే.

తర్వాత యూఆర్ఎల్. "దామలచెరువు మామిడి మండీలో ధర ఎంత" అన్నది శీర్షిక అనుకుందాం. వర్డ్‌ప్రెస్ దాన్నే స్లగ్‌గా (యూఆర్ఎల్‌లో ఆ వార్తను గుర్తించే చివరి ముక్కగా) మారుస్తుంది. యూఆర్ఎల్‌లో ఒక్కో తెలుగు యూనికోడ్ అక్షరం తొమ్మిది గుర్తులుగా మారుతుంది, గుణింతం గుర్తు కూడా విడి అక్షరమే. స్లగ్‌కు హద్దు 200. కాబట్టి "మండీలో" దగ్గరే నిండిపోతుంది, "ధర ఎంత" తెగిపోతుంది. రేపు అవే మాటలతో మొదలయ్యే శీర్షికతో ఇంకో వార్త పడితే అదే స్లగ్ చివర 2 అంకె తగులుతుంది. వాట్సాప్‌లో పంపితే అరపేజీ శాతం గుర్తులు. సబ్ ఎడిటర్ ఇంగ్లిష్ అక్షరాల్లో నాలుగైదు మాటల స్లగ్, తేదీతో, పెండింగ్‌లో ఉండగానే రాసెయ్యాలి. పబ్లిష్ అయ్యాక దాన్ని ముట్టుకోకూడదు.

ఇప్పుడు కాపీలోకి. మొదటి పేరాలో ధర టన్నుకు ఉంది, నాలుగో పేరాలో రైతు మాటల్లో కిలోకు ఉంది. రెండూ గుణించి చూస్తే కలవాలి. కలవకపోతే నోట్ పెట్టి డ్రాఫ్టుకు పంపాలి. ఏ రోజు ధర, మండీ ధరా ఫ్యాక్టరీ ధరా అన్నది ఇంట్రోలోనే ఉండాలి. ఫొటో ఈరోజుదేనా? పోయిన ఏడాది ఫొటో పెట్టి ఈ ఏడాది ధర రాయకూడదు.

రిపోర్టర్ దిద్ది మళ్లీ పంపుతాడు. సబ్ ఎడిటర్ రివిజన్లు తెరిచి మారిందేమిటో మాత్రమే చూస్తాడు, "చూశాను, ధర సరిపోయింది" అని పోస్టులోనే రాస్తాడు. ఇన్‌చార్జ్ 4:25కు తెరిచి, 4:35కు షెడ్యూల్ చేసి, ఫోన్‌లో ప్రివ్యూ చదువుతాడు. వకీలు చూడాల్సిన కాపీ అయితే షెడ్యూల్ చేయడానికి ముందే పబ్లిక్ పోస్ట్ ప్రివ్యూ ప్లగిన్‌తో లింకు పంపొచ్చు. దానికి లాగిన్ అక్కర్లేదు, మామూలుగా 48 గంటల్లో అదే చచ్చిపోతుంది.

కబురు, గడియారం

పోస్టు పెండింగ్‌లో పడినప్పుడు వర్డ్‌ప్రెస్ తానుగా ఎవరికీ మెయిల్ పంపదు. పబ్లిష్‌ప్రెస్ ప్లానర్ నోటిఫికేషన్లలో రెండే పెట్టండి: పెండింగ్‌లోకి వస్తే డెస్కుకు, డ్రాఫ్టుకు తిరిగివెళ్తే రాసినవాళ్లకు. ప్రతి కదలికకూ మెయిల్ పెడితే వారంలో ఎవరూ చదవరు. మెయిల్ రావట్లేదంటే స్పామ్‌లో చూడండి. సర్వర్ నుంచి నేరుగా వెళ్లే మెయిల్ గతి అంతే. మెయిల్ సర్వర్ ద్వారా పంపే ఎస్ఎమ్‌టీపీ ప్లగిన్ పెట్టి, మెయిల్ మీ సైట్‌దేనని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు డొమైన్‌కు కలిపితే సర్దుకుంటుంది.

షెడ్యూల్ మీద ఆధారపడుతున్నాం కాబట్టి గడియారం సరిగ్గా ఉండాలి. సెట్టింగ్స్, జనరల్‌లో టైమ్‌జోన్ కోల్‌కతా పెట్టండి. యూటీసీ అని వదిలేస్తే ఉదయం 6కు పెట్టిన పోస్టు 11:30కి పడుతుంది.

ఇంకొకటి: వర్డ్‌ప్రెస్ షెడ్యూల్ గడియారం చూసి నడవదు, ఎవరైనా పేజీ తెరిచినప్పుడు వేళ అయిందా అని చూసుకుంటుంది. తెల్లవారుజామున ఎవరూ రాకపోయినా, క్యాష్ (ముందే తయారుచేసి ఉంచిన నకలు) నుంచే పేజీలన్నీ వెళ్లిపోతున్నా పోస్టు "మిస్డ్ షెడ్యూల్" అని ఆగిపోతుంది. కాన్ఫిగ్ ఫైల్‌లో లోపలి క్రాన్ (వేళకు పనులు చేయించే ఏర్పాటు) ఆపేసి, హోస్టింగ్ ప్యానెల్‌లో ప్రతి 5 నిమిషాలకు డబ్ల్యూపీ-క్రాన్ ఫైల్‌ను పిలిచే అసలు క్రాన్ జాబ్ పెట్టండి. సవరించిన వార్త సైట్‌లో పాతదే కనిపిస్తుంటే క్యాష్ పర్జ్ (ఖాళీ) చేయండి. ఇన్‌చార్జుకు ఆ బటన్ కనిపించేలా ప్లగిన్‌లో హక్కు ఇచ్చి ఉంచాలి, లేకపోతే రాత్రిపూట అడ్మిన్‌ను లేపాల్సి వస్తుంది.

అర్ధరాత్రి వార్త

వర్షానికి ఘాట్ రోడ్డు మీద బండరాళ్లు పడ్డాయి, రాత్రి ఒంటిగంట. ఇలాంటివాటికి వేరే దారి ముందే రాసి ఉండాలి. ఆ రాత్రి డ్యూటీ ఇన్‌చార్జ్ ఒక్కరే ఓకే చెప్పొచ్చు, కానీ వేసేది రెండు లైన్లే: ఏం జరిగింది, ఎవరు చెప్పారు, ఎన్ని గంటలకు. కారణాలు, నష్టం, ఎప్పుడు తెరుస్తారన్న ఊహలు వద్దు. పూర్తి కాపీ మామూలు దారిలోనే రావాలి. పొద్దున రెండో ఇన్‌చార్జ్ ఆ రెండు లైన్లు చదివి పోస్టులో నోట్ పెట్టాలి. అత్యవసరం పేరుతో రిపోర్టర్ రోల్‌ను "ఈ ఒక్క రాత్రికి" పెంచకండి. మళ్లీ తగ్గించడం ఎవరికీ గుర్తుండదు.

ద్రూపల్ అయితే

విశ్వవిద్యాలయాలు, పెద్ద సంస్థల సైట్లకు ద్రూపల్ మేలు. మనం పైన ప్లగిన్లతో పూడ్చిన కంతలు అందులో కోర్‌లోనే మూసి ఉంటాయి. ఎక్స్‌టెండ్ పేజీలో వర్క్‌ఫ్లోస్, కంటెంట్ మోడరేషన్ మాడ్యూళ్లు (ద్రూపల్‌లో ప్లగిన్లలాంటివి) ఆన్ చేయండి. కాన్ఫిగరేషన్‌లో వర్క్‌ఫ్లోస్ తెరిచి "డెస్కులో" అనే స్థితి కలపండి. అక్కడ రెండు టిక్కులుంటాయి: పబ్లిష్డ్, డిఫాల్ట్ రివిజన్. రెండూ ఖాళీగా వదలాలి. డిఫాల్ట్ రివిజన్ ఒక్కటి టిక్ పెడితే, పబ్లిష్ అయిన పేజీకి సవరణ పంపగానే ఆ పేజీ సైట్ మీంచి దిగిపోతుంది.

తర్వాత ట్రాన్సిషన్లు (ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి జరిపే దారులు): డ్రాఫ్టు నుంచి డెస్కుకు, డెస్కు నుంచి డ్రాఫ్టుకు, డెస్కు నుంచి పబ్లిష్‌కు. పర్మిషన్ల పేజీలో ఒక్కో ట్రాన్సిషన్ ఎవరికో టిక్ పెట్టండి. ద్రూపల్‌లో ఉన్న స్థితి నుంచి ఒక్క ట్రాన్సిషనూ లేని మనిషికి ఎడిట్ కూడా ఉండదు. ఇదే తాళం. రిపోర్టర్‌కు డెస్కు స్థితి నుంచి ఏదీ ఇవ్వకపోతే పంపిన కాపీని కదిలించలేడు. డ్రాఫ్టు నుంచి డ్రాఫ్టుకు ఉండే ట్రాన్సిషన్ మరిచిపోతే మాత్రం తన డ్రాఫ్టును డ్రాఫ్టుగానే సేవ్ చేసుకోలేడు, డెస్కుకు పంపాల్సిందే. డెస్కు వాళ్లకు పబ్లిష్ కాని కంటెంట్ చూసే పర్మిషన్, తాజా వెర్షన్ చూసే పర్మిషన్ విడిగా ఇవ్వాలి. కంటెంట్ పేజీలోని "మోడరేటెడ్" ట్యాబ్‌లో ఆగి ఉన్నవన్నీ కనిపిస్తాయి. షెడ్యూల్ మాత్రం కోర్‌లో లేదు, షెడ్యూలర్ మాడ్యూల్, దానికి మోడరేషన్ జోడింపు మాడ్యూల్ పెట్టుకోవాలి.

అమల్లో పెట్టే ముందు

ఒక్కో రోల్‌కు ఒక పరీక్ష ఖాతా తీయండి. మూడు వేర్వేరు బ్రౌజర్లలో లాగిన్ అవ్వండి, ఎందుకంటే ఒకే బ్రౌజర్‌లో రెండు ట్యాబులు తెరిస్తే అడ్మిన్ లాగిన్‌తోనే చూస్తూ అంతా బాగుందనుకుంటారు. రిపోర్టర్ ఖాతాతో ఫోన్ ఫొటోతో సహా కాపీ పంపండి. పెండింగ్‌లో ఉండగా మార్చి చూడండి. షెడ్యూల్ అయ్యాక మార్చబోతే ఆగాలి. ఎడిటర్ తెరలో బటన్ లేకపోవడం చూసి ఊరుకోకుండా పోస్టుల జాబితాలోని క్విక్ ఎడిట్‌లోనూ, ఫోన్ యాప్‌లోనూ స్టేటస్ మార్చడానికి ప్రయత్నించండి. చెక్‌లిస్ట్ ప్లగిన్ పెట్టుకున్నవాళ్లు ఈ రెండు దారులూ తప్పక చూడాలి.

చివరగా, పబ్లిష్ అయిన ఒక పోస్టు ఎడిట్ లింకును ఇన్‌చార్జ్ బ్రౌజర్ నుంచి కాపీ చేసి రిపోర్టర్ బ్రౌజర్‌లో అతికించండి. అనుమతి లేదన్న సందేశం రావాలి. ఎడిటర్ తెరుచుకుందంటే ఆ ఖాతాకు పాత ఆథర్ రోల్ కూడా తగిలి ఉండొచ్చు. రోల్ ప్లగిన్లు ఒకే మనిషికి రెండు రోల్స్ ఇవ్వనిస్తాయి, అప్పుడు రెంటి హక్కులూ కలిసిపోతాయి. యూజర్ల జాబితాలో ఒక్కొక్క ఖాతా తెరిచి రెండో రోల్ తీసేసి, అదే లింకును మళ్లీ అతికించి చూడండి.